తాకితే చాలు

యంత్రాలన్నీ మాన్యువల్ మాట వినే రోజులవి. తెరమీద లింకు తాకితే ఆ పని జరిగిపోతుంది. రేకుల ఫ్యాక్టరీకి మాన్యువల్ రాసే వకుళ రెండు సాఫ్ట్‌వేర్లు చూసింది. ఒకటి ప్రతిసారీ "చెయ్యమంటారా?" అని అడుగుతుంది. విసుగొచ్చి, అడగనిదాన్ని ఎంచుకుంది.

ఆ ఫ్యాక్టరీలో రేకులు కోసే యంత్రం నడిపే కోటిలింగం నలభయ్యో ఏట చదువు నేర్చాడు; అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కుంటాడు. ఒకరోజు యంత్రం కత్తి కింద రేకు ఇరుక్కుంది. ఎడమచేత్తో దాన్ని లాగుతూ, కుడిచేతి వేలితో తెరమీద "కత్తి దించేటప్పుడు చెయ్యి పెట్టరాదు" అన్న వాక్యం మొదలుపెట్టాడు. "కత్తి దించే" వరకూ లింకు. కత్తి దిగింది. మణికట్టు దగ్గర తెగిన చెయ్యి రేకుతోపాటు ట్రేలో పడింది.

నెత్తురు కడగకముందే మేనేజరు వకుళను వెంటబెట్టుకుని వచ్చాడు.

"వేలు పెట్టి చదవొద్దని మొదటి పేజీలో హెచ్చరిక రాయండి, వకుళగారూ."

"దాన్నైనా వీళ్ళు వేలు పెట్టే చదవాలి సార్," అంటూ వకుళ యంత్రం పక్కనున్న సుత్తి అందుకుని తెరను పగలగొట్టింది.