బండ మీది పేరు

ముసుగు తొలగగానే చప్పట్లు మోగాయి.

తాండూరు నాపరాయి మీద నల్లటి అక్షరాలు. పైన చిన్న విమానం బొమ్మ. బంగ్లాదేశ్ యుద్ధం నాడు సముద్రం మీద గస్తీకి వెళ్లి, తోటివాళ్లందరితో కలిసి తిరిగిరాని వైర్‌లెస్ ఆపరేటర్ విశ్వేశ్వర్ పేరు అది. విమానం ముక్క కూడా దొరకలేదు. ఆయన చదివిన తాండూరు బడిలోనే ఇన్నాళ్లకు ఈ బండ నిలబెట్టారు.

ముందు వరుసలో ఆయన భార్య వసంతమ్మ కూర్చుంది. పక్కన కూతురు అమూల్య. వికారాబాద్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. విమానం పోయిందన్న వార్త వచ్చాక పుట్టిన పిల్ల.

జనం వెనకాల, గేటుకు ఆనుకుని ఒక ముసలాయన నిలబడ్డాడు. పొద్దున కర్ణాటకలోని సేడం నుంచి రైల్లో వచ్చాడు. అక్కడ ఆయన్ను అందరూ శంకరప్ప అంటారు. చప్పట్లు కొట్టడానికి ఆయన చేతులు లేవలేదు. కళ్లు మాత్రం ఆగకుండా కారుతున్నాయి.

అది అమూల్య కంట పడింది. దగ్గరికి వచ్చింది.

"పెద్దాయనా, మీరు మా నాన్నతోటి పనిచేసిండ్రా?"

ఆయన ఆమె ముఖంలోకి చూసి, వెంటనే తల దించుకున్నాడు.

"ఒకటే క్యాంపు తల్లీ."

అమూల్య కుర్చీ తెచ్చి వేసింది. "మా నాన్న సంగతులు చెప్పుండ్రి. ఆయనను చూసినోళ్లను నేను ఇప్పటిదాక చూడలే."

ముసలాయన కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ దినం విమానం నేనెక్కాలె," అన్నాడు. "దాని దాక పోయిన. కాళ్లు వణికినయ్. ఎక్కలేకపోయిన. ఇంకొక పిలగాడు నా మొఖం చూసి, 'నువ్వుండు, నేను పోయొస్త' అని ఎక్కిండు. యుద్ధం గడబిడ. ఎవరెక్కిండ్రు, ఎవరు దిగిండ్రు అని చూసెటోడు లేడు."

అమూల్య ముఖంలో రంగు మారింది.

"మరి మిమ్ముల ఏమనలేదా?"

"రాత్రికల్లా విమానం పోయిందన్నరు. నేను గోడ దుంకి పారిపోయిన. నా కోసం ఎవ్వరు వెతకలే."

మైకులో ఎవరో పెద్దమనిషి వీరత్వం గురించి గట్టిగా చెబుతున్నాడు.

"ఎన్నోసార్లు తాండూరు దాక వచ్చిన," అన్నాడు ముసలాయన. "టేషన్ల దిగి, మళ్ల అదే రైలెక్కి పోయిన. ఇగ నాకు ఎన్నో దినాలు లేవు. నా బదులు పోయిన ఆ పిలగాని పేరు నలుగురి ముందట చెప్పి పోదామని వచ్చిన తల్లీ."

అమూల్య బండ వైపు తిరిగింది.

"మీరు చెప్పేదేమున్నది? ఆడ రాసే ఉన్నది."

ఆయన నోరు తెరిచాడు. "ఆ పేరు..." అన్నాడు.

"ఆ పేరు చెప్పుకొనే పెరిగిన నేను," అంది అమూల్య. "మా అమ్మ కందిపప్పు మిల్లుల చెరిగి నన్ను చదివిచ్చింది. గల్లీల ఎవలన్న మాటంటే 'విశ్వేశ్వర్ బిడ్డను' అంటుంటి. ఎదురు మాట్లాడకపోతుండ్రి."

ముసలాయన బండ మీది అక్షరాల వంక చూశాడు.

ఆమె కళ్లు తుడుచుకుంది. "మీ మీద కోపం రావాలె. వస్తలేదు. భయం ఎవరికుండదు? నాన్న పేరు మీద అన్నాలు పెడుతున్నం. జర తిని పోండ్రి."

తిట్టి ఉంటే బాగుండేది అనుకున్నాడు ఆయన. ఆమే స్వయంగా విస్తరి వేసి, అన్నం, పప్పు వడ్డించింది. అంతలో వేదిక మీదికి రమ్మని పిలిస్తే వెళ్లిపోయింది.

ముద్ద కలిపాడు. నోటి దాకా తెచ్చాడు. మళ్లీ విస్తరిలోనే పెట్టేశాడు. లేచి వెళ్లి మైకు అందుకోవాలనుకున్నాడు. కాళ్లు వణికాయి, ఆ రోజులాగే.

ఎవరో నీళ్ల గ్లాసు తెచ్చి విస్తరి పక్కన పెట్టారు. తలెత్తి చూశాడు. వసంతమ్మ.

ఆమె చాలాసేపు ఆయన్నే చూస్తూ నిలబడింది. వేదిక మీద అమూల్య మాట్లాడుతోంది. వసంతమ్మ అటొకసారి చూసి, కొంగు నిండా కప్పుకుని, ఆయన చెవికి మాత్రమే వినపడేలా వంగింది.

"తిని సప్పుడు చేయకుండ రైలెక్కు, నా బిడ్డ సచ్చిపోయిన తండ్రితోటి తలెత్తుకొని బతికింది, బతికొచ్చిన మొగడు నాకొద్దు."