కోటయ్య దర్జా

గోరింక కోటయ్యది మొదటినుంచీ దర్జా తిండి. ఏ పండైనా తియ్యటి వైపే పొడిచి, మిగతాది కింద పారేసేవాడు. తొర్రలో పిల్లలు పుట్టాక ఆ దర్జా ఏమైపోయిందో! తెల్లారింది మొదలు గడ్డిలో మిడతల కోసం తిరగడమే సరిపోయింది.

"వట్టి పిసినారివైపోయావురా! ఏటి అవతల సీతాఫలాలు పగిలాయి, రా," అని స్నేహితుడు రామచిలుక వెక్కిరించాడు.

పౌరుషం కొద్దీ కోటయ్య వెళ్లాడు. పండులో ముక్కు పెట్టాడో లేదో, పిల్లలే కళ్లముందు మెదిలారు. మింగుడు పడలేదు. మెత్తటి ముక్క ఒకటి కరుచుకుని ఇంటికి ఎగిరాడు.

పిల్లలు దాన్ని రుచి చూసి తుపుక్కున ఉమ్మేశారు. మిడతలే కావాలని గోల పెట్టారు. కోటయ్య మొహం చిన్నబోయింది.

భార్య మంగ పకపకా నవ్వింది. "వాళ్లకింకా ఈ రుచి తెలీదులేవయ్యా. మనం తిందాం రా, ఎన్నాళ్లయిందో!"

ఇద్దరూ తొర్ర అంచున ఒకరినొకరు ఆనుకుని, గింజకంటిన గుజ్జు కూడా వదలకుండా తిన్నారు. పండంతా తనదే అయిన రోజుల్లో కూడా ఇంత తియ్యగా లేదనిపించింది కోటయ్యకు.

"మిడతలకి ఈ పూట నేను వెళ్తాలే," అని మంగ రివ్వున ఎగిరింది.

కోటయ్య పిల్లల్ని రెక్క కిందకి లాక్కుని, "అమ్మ తెస్తుందర్రా," అన్నాడు హాయిగా.