తాబేలు పెద్దమ్మ రాకుండా వడ్డనా

"ఆగండర్రా, పెద్దదాన్ని నేను రాకుండానే వడ్డనా?" అని వీధి చివర నుంచి తాబేలు పెద్దమ్మ కేకేసింది.

మెకానిక్ షెడ్డులో లారీ కింద, ఇంజన్ని చల్లబరిచే పచ్చటి కూలెంట్ కారి మడుగు కట్టింది. అది పానకమనుకుని కుక్కా పిల్లీ దొన్నెలు పట్టుకుని కూర్చున్నాయి.

"ఈవిడ వచ్చేసరికి నాకు ముసలితనం వస్తుంది," అంది పిల్లి. అయినా మర్యాద మర్యాదే కదండీ, ఆగాయి.

పెద్దమ్మ దారిలో నత్తల్ని పలకరిస్తూ సగం వీధి దాటేసరికి మెకానిక్ సూరప్పడు పరిగెత్తుకొచ్చాడు. "తియ్యగా ఉందని నాకితే కిడ్నీలు పోయి చస్తాయి ఈ వెధవలు," అంటూ రంపపు పొట్టు పోసి అంతా ఊడ్చేశాడు. తన పెరుగన్నం వాటి ముందు పెట్టాడు.

కుక్క చేతిలోంచి దొన్నె జారిపోయింది.

సాయంత్రానికి పెద్దమ్మ చేరింది. "నాకోసం ఆగారా?"

"ఆగాం పెద్దమ్మా. నెమ్మదిగానే కూర్చో," అంది పిల్లి.

ఆవిడ కూర్చోవడానికి ఇంకో గంట పట్టింది. ఆ తర్వాతే ముగ్గురూ కలిసి తిన్నారు.