మచ్చ మీద వెలుగు

శ్రీరంగప్ప మోచేతి మచ్చ మీద డాక్టరు పద్మజ గుండుసూదితో పొడిచింది.

"తెలుస్తోందా?"

"ల్యా తల్లీ," అన్నాడు శ్రీరంగప్ప. చెప్పుల్లో కాలివేళ్లు బిగుసుకున్నాయి.

పక్కనున్న కూతురు చంద్రికకు కన్నీళ్లు ఆగలేదు. తెల్లమచ్చ, పైగా స్పర్శ లేదు. అంటే కుష్టే కదా! నిరుటి నుంచి తల్లి రామాంజినమ్మకూ అదే జబ్బు. ఊరి బయట చేలో, కొట్టంలో ఒంటరిగా ఉంటూ మాత్రలు మింగుతోంది.

"అమ్మకొచ్చింది చాలదని నీకూ తగులుకునె గదా నాయనా!"

"మందులు వాడుతున్న మనిషి నుంచి అంటదమ్మా," అంది పద్మజ.

"ఆ మాట మా యమ్మ నమ్మదు మేడం. ఎవుర్నీ దగ్గరికి రానీదు."

శ్రీరంగప్ప తల వంచుకున్నాడు. ధర్మవరంలో పట్టుకు రంగులద్దే మనిషి. నోట్లో నాలుక లేనివాడు.

ఈ వైద్య శిబిరానికి కొత్త యంత్రం వచ్చింది. చర్మం మీద వెలుగు వేసి, తిరిగొచ్చే వెలుగును బట్టి లోపల ఏ రసాయనాలున్నాయో చెప్పేస్తుంది. కోత లేదు, నెత్తురు లేదు. అబద్ధమాడటం దానికి చేతకాదు పాపం.

పద్మజ దాని మొనను మచ్చకు ఆనించింది. శ్రీరంగప్ప కళ్లు మూసుకుని కదిరి నరసింహస్వామికి మొక్కుకున్నాడు. చంద్రిక కూడా ఆ స్వామికే మొక్కుకుంది.

తెర మీద గీతలు లేచాయి. పద్మజ కనుబొమలు ముడిచింది. అతను కళ్లు తెరిచి అటు చూస్తుండగా చటుక్కున మళ్లీ సూది గుచ్చింది.

"అబ్బా!"

పద్మజ నవ్వేసింది. "కుష్టు కాదు. పట్టుకు రంగు దించే మందు చర్మంలో ఉంది, మీరు పనిలో వాడేదే. చేతికి తొడుగు వేసుకోండి, తగ్గిపోతుంది."

"ఇంగోసారి చూడు తల్లీ. మిషను తప్పు చూపిచ్చిందేమో?"

"తప్పు కాదు పెద్దాయనా. భయపడకండి."

శ్రీరంగప్ప భోరుమన్నాడు. గండం గడిచింది కదా, ఏడవనీ అనుకున్నారు ఇద్దరూ.

సాయంత్రం సంగటి గిన్నె పట్టుకుని చేలోకి నడిచాడు. వాన లేక వేరుశనగ మాడిపోయింది. కొట్టం తలుపు మూసే ఉంది.

"ఆడ పెట్టి పో," లోపలి నుంచి రామాంజినమ్మ గొంతు. "నీకంటుకుంటాది."

గిన్నె గడప ముందు పెట్టి, చొక్కా చేతిని మచ్చ మీదికి లాక్కున్నాడు.

"నాకూ వచ్చినాది, ఇంగ తలుపు తియ్యి" అని ఆమెతో అనడానికే, రంగు దించే మందును రోజూ తన చేతి మీద తానే పోసుకున్నాడు శ్రీరంగప్ప.