మూడు దినాల్లో వచ్చేస్తారంట

“కింద ఏం రాసినారు పాపా? జల్దీ చదువు, పోతాది” అంది నాగలక్ష్మమ్మ, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

తెర మీద బస్సులు బారులు తీరి ఉన్నాయి. మైకులో ఎవరో ఏదో చెబుతున్నారు. సాహితి కింది ఇంగ్లీషు అక్షరాలు చదివి తల్లికి చెప్పింది.

“అందరూ ఇండ్లు ఖాళీ చెయ్యాలంట మా. మూడు దినాల్లో మళ్లీ వచ్చేస్తారంట. కాగితాలూ కొంచెం తిండీ పెట్టుకోమంటాండారు.”

“మూడు దినాలా! మాకు ఆ అబద్ధం కూడా చెప్పలా.”

సోవియట్ రోజుల్లో ఒక అణు కేంద్రం పేలిపోయిన కథ అది. జరిగి ఇరవై ఏళ్లయిందని ఒక ఇంగ్లీషు చానల్ వారం నుంచీ సాయంత్రాలు వేస్తోంది. డోన్‌లో ఆ వీధి వీధంతా అత్తాకోడళ్ల సీరియళ్లలో మునిగి ఉంటే, ఈ ఒక్క ఇంట్లో రష్యా నడుస్తోంది. అక్కడ పాకింది కంటికి కనపడని విషమని కూతురు చెప్పినప్పుడు నాగలక్ష్మమ్మ, “మా ఊరికి నీళ్లు కనపడతానే వచ్చినాయి లే” అని ఊరుకుంది. ఆమె పుట్టిన ఊరు డ్యాం నీళ్లలో మునిగిపోయింది. అప్పటికామెకు పెళ్లి కాలేదు. ఆ సంగతి ఇంతకు మించి ఎప్పుడూ మాట్లాడదు.

“చానల్ మార్సు పాపా. మీ అమ్మకు ఊరు గ్యాపకమొస్తాది” అన్నాడు రామకృష్ణ, పంపుసెట్ల అంగడి నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ.

“నా కండ్లు, నా ఏడుపు. నీకేమయ్యా?” అంది భార్య.

సాహితి తండ్రి వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు. వాళ్లిద్దరి మధ్యా ఒక రహస్యం ఉంది.

ఆదివారం తేజేశ్వర్ ఇంటివాళ్లు పెళ్లి మాటలకు వస్తున్నారు. సాహితికి కాలేజీలో సీనియరతను, ఇప్పుడు కడప వైపు ఎస్సై. ఫోటో చూసి నాగలక్ష్మమ్మ మురిసిపోయింది. ఆమెకు తెలియనిదల్లా ఒకటే. పోయిన నెలలో రిజర్వాయరు కింద పోతున్న ఒక ఊరిని ఖాళీ చేయించిన పోలీసుల్లో తేజేశ్వర్ ఉన్నాడు. నోట్లో నువ్వు గింజ నానని సాహితి ఆ మాటను ఇన్నాళ్లు దాచిందంటే తండ్రి వల్లనే.

“చెప్పొద్దు పాపా. లారీ ఎక్కించిన పోలీసోళ్లను మీ అమ్మ ఎట్ల మర్సిపోతాది? ఈ సంబంధం ఆడికాడికే నిలబడిపోతాది” అన్నాడాయన.

చెబితే తేజ దక్కడు. చెప్పకుండా పెళ్లి చేసుకుంటే, తెలిసిన రోజున అమ్మ మొహం ఎలా చూడగలదు?

టీవీలో ఒక కుర్ర సిపాయి మెట్లెక్కి ఒక ఇంటి తలుపు కొట్టాడు. లోపల ఒక యువతి రొట్టెకు పిండి పిసుకుతోంది. రానని తల ఊపింది.

“నేను టీ పెడతా” అంటూ రామకృష్ణ చటుక్కున లేచి వంటింట్లోకి వెళ్లాడు. ఆయన స్టవ్ ముట్టించడమంటే ఎప్పుడూ కరువుండే ఆయన సొంతూరు ఆలూరులో వాన పడినట్టే. ఆశ్చర్యపోవలసిందే గానీ, సాహితి చూపు తల్లి పిడికిలి మీద ఉంది. అందులో కొంగు నలిగిపోతోంది. సిపాయి ఆ యువతి చెయ్యి పట్టుకున్నాడు.

ఇక సాహితి వల్ల కాలేదు. టీవీ గొంతు తగ్గించి అంతా చెప్పేసింది.

నాగలక్ష్మమ్మ టీవీ మీంచి కూతురి వైపు తిరిగింది.

“జనం గలాటా చేసినారా?” అని అడిగింది.

“ఏడ్చినారంట. ఒకామె గడప వదల్లేదంట. తేజే ఆమెను ఎత్తి బయటికి తెచ్చినాడంట. ఆ రాత్రి అన్నం తినలేదని చెప్పినాడు మా.”

“వాని అన్నం సంగతి నాకెందుకు? మల్ల పోయి సూసినాడా ఆ జనాన్ని?”

“వారం వారం పోతాండాడు. ఆమెకు ఇండ్ల జాగా ఇప్పించేదానికి ఆఫీసుల సుట్టూ తిరుగుతాండాడు. పోయినప్పుడల్లా ఆమె తిడతాందంట. తిట్టించుకుని వస్తాడు.”

నాగలక్ష్మమ్మ కొంగు వదిలింది.

“అయితే ఆదివారం రమ్మను.”

సాహితికి ఏడుపు ఆగలేదు. తల్లి ఒళ్లో తల పెట్టుకుంది. “నీకు కోపం రాలేదా మా?”

“ఎందుకు రాలా? ఆ పొద్దు శానా వచ్చింది. నేనూ గడప పట్టుకుని కూచున్నా. ఒక పోలీసు పిల్లోడు, మీసం కూడా సరింగా రాలా, నన్ను ఎత్తి లారీలో కూచోబెట్టినాడు. వాని చెయ్యి కొరికినా. నెత్తురొచ్చినా కుయ్యిమనలా.”

“తర్వాత?”

“వారానికి మా రేకుల షెడ్డు కాడికి వచ్చినాడు. ఇంట్లో నేను ఇడిసిపెట్టి వచ్చిన తిరగలిని, నీళ్లు రాకముందే పోయి, నెత్తిన మోసుకొచ్చినాడు. తిట్టినా. పోయినాడు. మల్ల వచ్చినాడు. మల్ల తిట్టినా. యాడాది తిరిగేసరికి ఆ కొలువే వదిలేసినాడు పాపం. ఇంగా నా మొగం సక్కగా సూడలేడు, పిచ్చోడు.”

సాహితి కళ్లు తుడుచుకుంది.

“ఇప్పుడు ఆయన యాడుండాడో మా!”

“వంటింట్లో ఉండాడు.”