ఖాళీచేత్తో మూడు సెకన్లు

మూడు సెకన్లే కదా, మూడు సెకన్లలో మనిషి ఏం చేయగలడు, ఒకసారి ఊపిరి పీల్చి వదలగలడు, అంతే కదా అని తనకు తానే చెప్పుకుంటూ శ్రీనివాసమూర్తి చిక్కబళ్ళాపురం ఆసుపత్రిలో ఆ మంచం ముందుకు వచ్చి నిలబడ్డాడు. జేబులో మడిచిన కాగితం. చేతిలో స్టాంపు ప్యాడు.

మంచం మీద పిళ్ళప్ప. కుడిచేతికి మణికట్టు దాకా కట్టు.

"రాండి సార్. మిషను బాగుండాదా?"

"దానికేం, బాగానే ఉండాది."

"దెబ్బ గిబ్బ తగల్లేదు గదా?"

"వేళ్ళు పోయినా ఈయప్పకు దాని దిగులే," అని విసుక్కుంది భార్య కెంపమ్మ. "నన్ను ఒక దినమన్నా ఇట్ల అడిగినాడేమో అడగండి సార్."

పేరేసంద్ర దాటాక ఉన్న ఆ ఫ్యాక్టరీలో మూడు మిషన్లకు ఒకటే ఒంటిచేతి రోబో. పిళ్ళప్ప పళ్ళెంలో ఇనుప బిళ్ళ పెడితే, అది తీసుకుని మిషన్లకు వరుసగా అందిస్తుంది. రెండో మిషను పని ముగిసేదాకా, ప్రతి చుట్టులోనూ పళ్ళెం మీద మూడు సెకన్లు ఖాళీచేత్తో ఆగేది. ఇంజనీరు శ్రీనివాసమూర్తి సోమవారం సాయంత్రం ఆ వరుస మార్చాడు. ఆగడం పోయింది. ఆరువందల చుట్లకు రోజూ అరగంట మిగులుతుంది. మార్పు గురించి బోర్డు మీద నోటీసు కూడా అంటించాడు. ఇంగ్లీషులో.

"బిళ్ళ పెట్టినాక మళ్ళీ చెయ్యి ఎందుకు పెట్టినావు పిళ్ళప్పా?"

పిళ్ళప్ప సిగ్గుపడ్డాడు.

"మొక్కుకోవాల గద సార్. అన్నం పెట్టే చెయ్యి అది. మొదట్లో పొద్దున ఒకసారే ముట్టి కండ్లకద్దుకుంటా ఉంటి. అదేమో ప్రతిసారీ నా ముందర ఆగేది. అంత పెద్దది ఆగి చూస్తా ఉంటే నేనెట్ల ఊరికే ఉండేది?"

"ఆరువందల సార్లు మొక్కినావా?"

"లెక్క పెట్టలేదు సార్." గొంతు తగ్గించాడు. "మంగళవారం పొద్దున ఆగలేదు. నేనేం తప్పు జేసినానో. దానికి నామీద మనసు ఇరిగినట్టుండాది."

అది ఏనాడూ నీకోసం ఆగలేదని చెప్పాలి. ఆపిందీ లెక్కే, ఆపకుండా చేసిందీ లెక్కే. చెబితే వేళ్ళతోపాటు ఆ మొక్కూ పోతుంది. శ్రీనివాసమూర్తి జేబులోంచి కాగితం తీశాడు.

"ఏమి రాసినారు సార్?" అంది కెంపమ్మ.

కన్నడంలో ఉన్న ఒకే వాక్యం చదివాడు. ఈ ప్రమాదం పూర్తిగా నా తప్పు వల్లే జరిగింది. దాని కింద పేరుకు ఒక ఖాళీ, వేలిముద్రకు ఒక ఖాళీ. ఇది చేతికి వస్తే వరుస మార్చిందెవరని ఎవరూ అడగరని మేనేజరు భుజం తట్టి పంపాడు.

"నిజమే గదా," అన్నాడు పిళ్ళప్ప. "ముద్ర ఏస్తే పనిలో ఉంచుకుంటారు గదా సార్? పళ్ళెం తుడిచే పనైనా చాలు."

తప్పు ఒప్పుకున్నవాణ్ణి ఉంచుకోరని శ్రీనివాసమూర్తికి తెలుసు.

"కుడిచేతికి వేళ్ళు లేవు. ఎడమది చెల్లుతాదా?" పిళ్ళప్ప బొటనవేలు చాచాడు.

"ఉండు, పేరు రాయనీ."

రాశాడు. ప్యాడు తెరిచాడు. చాచిన ఆ వేలిని మెల్లగా పక్కకు జరిపి, ఖాళీలో రాసుకున్న తన పేరు కింద తన బొటనవేలే నొక్కాడు.