మూసిన మెట్లదారి

వందేళ్ల నాటి బడి హాస్టలుకు మరమ్మతులు జరుగుతున్నాయి. మంటలార్పే నీళ్ల గొట్టాలు బిగించే ఫిట్టరు, చీకటి పడ్డాక కూడా పై అంతస్తులోనే ఉన్నాడు. పాత మెట్లదారిని ఎప్పుడో ఇటుకలతో మూసేసిన గోడకు రంధ్రం వేస్తున్నాడు. డ్రిల్లు అవతలికి దిగగానే వేడి పొగ గుప్పున ముఖాన కొట్టింది.

అతను ఉలిక్కిపడి, కింద అలారం పెట్టె దగ్గరున్న బావమరిదికి ఫోన్ చేశాడు. "ఒరేయ్, గోడ వెనక ఏదో కాలుతోందిరా!"

"మతి పోయిందా బావా? దాని వెనకేముంది, వట్టి గాలి. ఆ మెట్లు ఎప్పుడో కాలి కూలిపోయాయిగా. పొద్దున బయటినుంచి చూశాం కదా!"

ఫిట్టరు డ్రిల్లును బయటికి లాగాడు. రంధ్రానికి చెవి ఆనించాడు. చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత ఎవరో దగ్గారు. ఊపిరందని ఆడగొంతు ఒకటి మెల్లగా అడిగింది.

"వచ్చావా నాయనా? ముందు పిల్లల్ని అందుకో."

మసిబారిన చిట్టి వేలొకటి రంధ్రంలోంచి బయటికొచ్చి, అతని చెవిని తడిమింది.